వత్తీ తానే, చమురూ తానే

దీపావళి ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగేసరికే నరకాసుర వధ మీదా, లక్ష్మీపూజ మీదా, దీపాల విశిష్టత మీదా రాయడానికి ముగ్గురు పేర్లు ఇచ్చేశారు. నాకు మిగిలింది మంట. పారిశ్రామిక భద్రతా విభాగంలో పనిచేసేవాణ్ణి కనుక మంట గురించీ, మన ఒంటి మీద దానికి మొదట దొరికే బట్ట గురించీ రాస్తున్నాను. రసాయనశాస్త్రం అనగానే పేజీ తిప్పేసే పాఠకులు కాస్త ఓపిక పట్టాలని మనవి. ఇందులోని శాస్త్రంలో ముప్పాతిక భాగం మనం పండుగనాడు వెలిగించే ప్రమిదలోనే ఉంది.

మన ఊళ్ళలో పెద్దవాళ్ళు బట్టల కొట్టుకి వెళితే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూసేవారు. కొట్టువాడు ఎన్ని ఒట్లు పెట్టినా ఆ పోగు అబద్ధం ఆడేది కాదు. నూలు అయితే చకచకా కాలి, కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తటి బూడిద మిగులుతుంది. పట్టు అయితే వెంట్రుక కాలిన కమురు వాసన వస్తుంది. మిగిలిన నల్లటి పూస వేళ్ళ మధ్య నలిపితే పొడైపోతుంది. పాలిస్టర్ పోగు మంట దగ్గరికి రాగానే ముడుచుకుని వెనక్కి జరుగుతుంది, కరుగుతుంది, చల్లారాక రాయిలాంటి పూస అవుతుంది. ఇక టెరికాటన్ పోగు కాల్చి చూడండి. అది వెనక్కి జరగదు. నూలులాగా నిలబడి మండుతుంది, పాలిస్టర్‌లాగా గట్టి గింజలు మిగులుస్తుంది. ఈ వ్యాసానికి అసలు విషయం ఆ పోగులోనే ఉంది.

గాలిలో ఆక్సిజన్ 21 శాతం అని చిన్నప్పుడు చదువుకున్నాం. ఒక బట్ట ఆరిపోకుండా మండాలంటే కనీసం ఎంత శాతం ఆక్సిజన్ కావాలో కొలిచే పద్ధతి ఒకటుంది. ఆ అంకెను లిమిటింగ్ ఆక్సిజన్ ఇండెక్స్ అంటారు. నూలుకి అది 18, పాలిస్టర్‌కి 20, 21 ప్రాంతం, ఉన్నికి 25, అగ్నిమాపక దళం వారు తొడుక్కునే నోమెక్స్‌కి 28 పైన. అంటే మామూలు గాలిలో నూలు సుఖంగా మండుతుంది, పాలిస్టర్ మండనా మాననా అన్నట్టు ఉంటుంది, ఉన్ని ఆరిపోవాలని చూస్తుంది. పట్టు కూడా ఉన్ని బంధువే. మడికి పట్టుబట్ట కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చున్న మన అమ్మమ్మలు ఈ అంకెలు చూసి కట్టుకున్నారని నేను అనను గానీ, కట్టెల పొయ్యి దగ్గర అంతకన్నా క్షేమమైన చీర వాళ్ళ పెట్టెలో ఇంకొకటి లేదు.

ఈ లెక్కన 18 ఉన్న నూలునీ, 20 ఉన్న పాలిస్టర్‌నీ కలిపి నేస్తే 19 రావాలి కదా అనిపిస్తుంది. బట్టల విషయంలో ఆ సగటు లెక్క పనిచేయదు. పాలిస్టర్ సుమారు 255, 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు కరిగిన చుక్క కిందికి రాలిపోతుంది, దానితోపాటు వేడి కూడా పోతుంది, చాలాసార్లు మంట అక్కడితో ఆగుతుంది. (ఆ చుక్క చర్మం మీద పడితే సంగతి వేరు.) నూలు కరగదు; మాడి బొగ్గవుతుంది. రెండూ కలిసిన బట్టలో నూలు బొగ్గు ఒక అస్థిపంజరంలా నిలబడుతుంది, కరిగిన పాలిస్టర్ రాలిపోకుండా దాన్ని పట్టుకుంటుంది. ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు దీన్ని పరంజా ప్రభావం అన్నారు. మనకి అంత దూరం పోనక్కరలేదు. ప్రమిదలో నూనె ఒక్కటే పోసి అగ్గిపుల్ల పెడితే అంటుకోదు. వత్తి ఒక్కటే వెలిగిస్తే నిమిషంలో బూడిదవుతుంది. వత్తిని నూనెలో వేస్తే తెల్లవార్లూ వెలుగుతుంది. టెరికాటన్ చొక్కాలో వత్తీ తానే, చమురూ తానే.

మరి అంతటి బట్టను ఎందుకు కట్టుకుంటున్నాం? సమాధానం ఇస్త్రీ పెట్టెకి తెలుసు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు పాలిస్టర్ దారాన్ని కనిపెట్టారు. ఆ తర్వాత టెరిలిన్ చొక్కా ఉన్నవాడే పెళ్ళికొడుకు అన్నట్టు మన ఊళ్ళలో ఒక కాలం నడిచింది. పాలిస్టర్ ఒక్కటే అయితే చెమట పీల్చదు, నూలు ఒక్కటే అయితే నలుగుతుంది, త్వరగా చిరుగుతుంది. రెండూ కలిపితే రెండింటి లోపాలూ తగ్గాయి. మంట విషయంలో మాత్రం రెండింటి లోపాలూ కలిసి పెరిగాయి. బడిపిల్లల యూనిఫారాలు, ఆస్పత్రి దుప్పట్లు, హోటలు కర్టెన్లు, ఈ గల్ఫ్ దేశాలలో లక్షల మంది తొడుక్కునే కవరాల్స్ చాలావరకు ఈ కలగలుపు బట్టే.

బట్ట మంటకి లొంగకుండా చేసే ప్రయత్నం మాత్రం పాతదే. 1735లోనే ఇంగ్లండులో ఒబాడియా వైల్డ్ అనే ఆయన పటిక, వెలిగారం, అన్నభేది కలిపిన పూతకి పేటెంటు తీసుకున్నాడు. 1821లో ఫ్రాన్సు రాజు కోరిక మీద గే-లూసాక్ అనే మహానుభావుడు నాటకశాలల తెరల కోసం అమ్మోనియం ఫాస్ఫేట్, నవసాగరం, వెలిగారం కలిపి చూశాడు. నాటకం అంటే అప్పట్లో తెరల పక్కనే దీపాలు. మన సురభి వారి రంగుల తెరలు, వేదిక మీద వారు పుట్టించే మంటలు తలచుకుంటే ఆ రాజుగారి భయం అర్థమవుతుంది.

గే-లూసాక్ వారసత్వం మన దేశంలో ఇంకా బతికే ఉంది. పందిళ్ళు, షామియానాల గుడ్డకి అగ్నిమాపక శాఖల వారు చెప్పే ద్రావణం ఇది: అమ్మోనియం సల్ఫేట్ 4 పాళ్ళు, అమ్మోనియం కార్బొనేట్ 2 పాళ్ళు, వెలిగారం 1, బోరిక్ ఆమ్లం 1, పటిక 2, నీళ్ళు 35 పాళ్ళు, అన్నీ తూకంలో. గుడ్డని ముంచి ఆరేయాలి. నూలు గుడ్డకి ఇది బాగానే పనిచేస్తుంది. ఒక్క వాన పడితే పూత నీళ్ళతో పోతుంది, మళ్ళీ ముంచాలి. కలగలుపు గుడ్డ దీనికి అంతగా లొంగదు. పాలిస్టర్ పోగు నీళ్ళనే పీల్చదు, ఇక ఉప్పును ఎక్కడ దాచుకుంటుంది?

పందిరి గుడ్డ మారిపోయినా జాగ్రత్త మారకపోతే ఏమవుతుందో హర్యానాలోని డబ్‌వాలీలో తెలిసింది. 1995 డిసెంబరు 23న ఒక బడి వార్షికోత్సవంలో కృత్రిమ దారపు గుడ్డతో వేసిన పందిరి అంటుకుంది. పైకప్పు కరిగి మనుషుల మీద కురిసింది. 442 మంది పోయారు, వారిలో సగానికి పైగా పిల్లలు. రెండేళ్ళు తిరగకుండానే, 1997 ఏప్రిల్‌లో, మన పొరుగున మక్కా దగ్గర మినాలో హజ్ యాత్రికుల గుడారాలు సుమారు 70,000 కాలిపోయాయి. 343 మంది మరణించారు. ఆ తరువాత సౌదీ ప్రభుత్వం అక్కడి గుడారాలన్నీ మార్చి టెఫ్లాన్ పూసిన గాజునార గుడ్డతో వేసింది. మంట విషయంలో అది గొప్ప పరిష్కారమే. అయితే టెఫ్లాన్ కుటుంబం రసాయనాలు మట్టిలోనూ నీటిలోనూ ఎన్నటికీ కరిగిపోవని ఇప్పుడు ప్రపంచమంతా గోల. పైగా గాజునార గుడారానికి బాగుంటుంది గానీ లంగా జాకెట్టుకి పనికిరాదు కదా.

ఒంటి మీది బట్టకి పూసిన మందులు ఇంకొక పాఠం చెప్పాయి. అమెరికాలో 1970ల మొదట్లో పిల్లల రాత్రి దుస్తులు మంటకి తట్టుకోవాలని చట్టం చేశారు. మంచి ఉద్దేశమే. దాని కోసం ట్రిస్ అనే బ్రోమిన్ రసాయనం వాడారు. 1977లో బ్రూస్ ఏమ్స్, ఆర్లీన్ బ్లమ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అది జన్యువులను దెబ్బతీస్తుందని, కేన్సరు తేవచ్చని రాశారు. అదే ఏడు పిల్లల బట్టల్లో దాన్ని నిషేధించారు. తరువాత సోఫాల గుడ్డకి, కర్టెన్లకి వెనకవైపు ఆంటిమొనీతో కలిపి పూసిన ఇతర బ్రోమిన్ మందులు వచ్చాయి. కలగలుపు బట్టకి నిజంగా పనిచేసినవి అవే, ఎందుకంటే అవి పోగు మీద ఆధారపడవు. పైన గాలిలోనే మంటను ఆర్పుతాయి. కానీ అవి బట్టలో ఉండిపోలేదు. స్వీడన్‌లో 1972 నుంచి 1997 వరకు దాచి ఉంచిన తల్లిపాల నమూనాలు పరీక్షిస్తే ఈ జాతి రసాయనాలు ప్రతి అయిదేళ్ళకీ రెట్టింపవుతూ కనిపించాయి. ఆ జాతిలో ఎక్కువగా వాడిన డెకా-బీడీఈని 2017లో స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చింది. ఇంటి సోఫాకి పూసిన మందు పసిపాప ఉగ్గుగిన్నెలోకి చేరిందన్నమాట. పర్యావరణానికి హాని చేయని పూత కావాలన్న వెతుకులాట ఊపందుకున్నది ఇక్కడే.

ఈ వెతుకులాటలో నాకు మహా ముచ్చటేసిన సంగతి ఏమిటంటే, దొరికిన సరుకులో సగం గోదావరి జిల్లాల చెత్తకుప్ప మీదే ఉంది. మొదటిది తవుడు. బియ్యపు తవుడులోనూ, నువ్వుల్లోనూ ఫైటిక్ ఆమ్లం అనే పదార్థం దండిగా ఉంటుంది. ఒంటికి ఇనుము అందకుండా అడ్డుపడుతుందని డాక్టర్లు దాన్ని ఆడిపోసుకుంటారు. దాని బరువులో 28 శాతం భాస్వరం. నూలుని బొగ్గుగా మార్చి మండే వాయువులు రాకుండా ఆపడానికి భాస్వరాన్ని మించిన మందు లేదు. రెండవది రొయ్య పెంకు. భీమవరం చుట్టుపక్కల రొయ్యలు ఒలిచి పారేసే పెంకుల నుంచి కైటోసాన్ వస్తుంది. ఫైటిక్ ఆమ్లానిది రుణ విద్యుదావేశం, కైటోసాన్‌ది ధన విద్యుదావేశం. బట్టను ఒకసారి ఇందులో, ఒకసారి అందులో ముంచుతూ పోతే గోడకి సున్నం పూతలు వేసినట్టు పొర మీద పొర అతుక్కుంటుంది. మంట తగిలినప్పుడు ఆమ్లం నీటిని లాగేస్తుంది, కైటోసాన్ బొగ్గవుతుంది, అందులోంచి వచ్చే వాయువులు ఆ బొగ్గుని నూనెలో వేసిన అప్పడంలా పొంగిస్తాయి. పొంగిన బొగ్గు పొర కింది బట్టకి గొడుగు పడుతుంది.

ఇంకా చాలా పదార్థాలు చూశారు. ఇటలీలోని టొరినో పాలిటెక్నిక్ వారు 2013లో హెర్రింగ్ చేప నుంచి తీసిన డి.ఎన్.ఏ.ని నూలు మీద పూసి మంటను ఆపారు. పాలలోని కేసీన్‌ని నూలు మీదే కాక పాలిస్టర్ మీద, రెండూ కలిసిన బట్ట మీద కూడా వేసి చూశారు. మన దేశంలో ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధనా సంస్థ వారు అరటిబోదె రసంలో నూలుబట్ట ముంచి, ఆక్సిజన్ ఇండెక్స్ 18 నుంచి 30కి తెచ్చారు. బట్ట ఖాకీ రంగుకి తిరిగింది. అరటి పసరు మరక జన్మలో పోదని మన ఆడవాళ్ళకి తెలుసు. అయితే ఉతికితే మరక ఉంటుంది గానీ మంటను ఆపే లవణాలు నీళ్ళలో కరిగిపోతాయి.

చిక్కంతా అక్కడే ఉంది. ఈ పచ్చటి పూతలలో చాలావరకు ప్రయోగశాల నుంచి ఇంటి బకెట్‌లోకి రాగానే నీరుగారిపోతాయి. ఫైటిక్ ఆమ్లం పూత సబ్బునీటిలో ఊడిపోతుంది. ఊడకుండా అంటించినా గట్టినీటిలోని కాల్షియం వచ్చి ఆమ్లం చేయి పట్టుకుంటుంది. కాల్షియంతో జోడు కట్టిన భాస్వరం మంట వచ్చినప్పుడు పని చెయ్యదు. బహ్రెయిన్‌లో బకెట్ అంచున తెల్లటి చారిక చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఇక కలగలుపు బట్ట దగ్గర రెండో చిక్కు. భాస్వరం నూలుని బొగ్గుగా నిలబెడుతుంది. పాలిస్టర్‌కి కావలసింది రాలిపోవడం. ఒకరికి మేలు చేసిన మందు రెండోవారికి పరంజా కడుతుంది. అందుకే రెండు రకాల పోగులకీ ఏకకాలంలో నప్పే, 50 ఉతుకులకి నిలిచే, విషం లేని పూత ఇది అని చూపించడం ఇంకా కష్టంగానే ఉంది. ప్రకటనల్లో పర్యావరణ హితం అన్న ముద్ర చూసి మోసపోకండి. కైటోసాన్ తీయడానికి కూడా కాస్టిక్ సోడా డ్రమ్ములకి డ్రమ్ములు కావాలి.

ఇది మన ఇంటి గుమ్మంలోకి ఎలా వస్తుందో చెబుతాను. మన ఉమ్మ్ అల్ హస్సామ్ నుంచి నబీ సాలెహ్ మీదుగా వంతెన దాటితే సిత్రా. 1936 నుంచి అక్కడ రిఫైనరీ నడుస్తోంది. 1971 నుంచి ఈ దేశంలో అల్యూమినియం కరుగుతోంది. మన సభ్యులలో ఎంతమంది కొలిమి దగ్గరా, గొట్టాల దగ్గరా పనిచేస్తున్నారో బాల్కనీలలో ఆరేసిన కవరాల్స్ చూస్తే తెలుస్తుంది. మొన్న వేసవిలో మా కింది వాటాలో ఉన్న అమ్మాయి రెండు నీలం కవరాల్స్ పట్టుకుని వచ్చింది.

"అన్నయ్యగారూ, ఈ నూనె మరకలు చచ్చినా పోవడం లేదు. బ్లీచింగ్‌లో రాత్రంతా నానబెట్టి, గంజి పెట్టేస్తే కొత్తవాటిలా ఉంటాయంటారా?"

"అంత పని చెయ్యకమ్మా. ముందు లోపల లేబుల్ ఏమంటోందో చూడు" అన్నాను.

ఒకదాని మీద కాటన్ 88, నైలాన్ 12 అనీ, ఈఎన్ ఐఎస్ఓ 11612 అనీ ఉంది. రెండోది వాళ్ళ ఆయన పాతది మాసిపోయిందని బజారులో కొనుక్కున్నది. పాలిస్టర్ 65, కాటన్ 35. రంగు ఒకటే, కుట్టు ఒకటే, భుజం మీద మెరిసే పట్టీ కూడా ఒకటే. మొదటిది మంటలోంచి బయటపడటానికి కొన్ని క్షణాలు ఇస్తుంది. రెండోది ప్రమిద. తీగ మీద పక్కపక్కన ఆరేస్తే వాళ్ళ ఆయన కూడా పోల్చుకోలేడు. పొద్దున్నే చీకట్లో చేతికి ఏది తగిలితే అది తొడుక్కుని బస్సెక్కుతాడు.

మొదటి రకం బట్టలో ఎక్కువగా ఉండేది ప్రోబాన్ జాతి మందు, 1950లలో వచ్చినది. అది పైపూత కాదు. నూలు పోగు లోపలే గట్టిపడి కూర్చునే భాస్వరం. అందుకే ఉతుకులకి నిలుస్తుంది. నైలాన్ 12 శాతానికి మించకుండా ఉంచడానికి కారణం మీరు ఇప్పటికే ఊహించి ఉంటారు. దాని తయారీలో ఫార్మాల్డిహైడ్ వాడతారు కనుక పర్యావరణవాదులకి అది ఇష్టం లేదు. నాకు మాత్రం, ఇంతకన్నా మంచిది వచ్చేదాకా, కొలిమి దగ్గరికి వెళ్ళే మనిషి ఒంటి మీద అదే ఉండాలి. అంతటి మందునీ క్లోరిన్ బ్లీచ్ పాడుచేస్తుంది. గట్టినీళ్ళలో బట్టలసబ్బు వాడితే పోగుల మధ్య సున్నపు సబ్బు పేరుకుంటుంది, అది మండుతుంది. మెత్తదనానికి పోసే సువాసన ద్రవం మండుతుంది. గంజి కూడా మండేదే. నూనె మరక సరేసరి. కనుక మామూలు డిటర్జెంటు పొడి, గోరువెచ్చని నీళ్ళు, ఎక్కువసార్లు జాడించడం, అంతే. మరకల కోసం పెట్రోలు ముట్టుకోవద్దు. ఆ కవరాల్ కింద పాలిస్టర్ బనియను తొడుక్కుంటే పైబట్ట కాలకపోయినా లోపలిది కరిగి అతుక్కుంటుంది. నూలు బనియనే వేసుకోవాలి. ఎండకి తాళలేక చేతులు మడిచి, గుండీలు విప్పి పనిచేసేవాళ్ళకి ఏ పూతా అక్కరకి రాదని మా విభాగంలో రోజూ చెబుతూనే ఉంటాం. వింటారా అంటే, జులైలో మీరొచ్చి చెప్పి చూడండి.

ఆ అమ్మాయి 65 అంకె ఉన్నదాన్ని ఇంట్లో గోడలకి రంగులు వేసేటప్పుడు తొడుక్కోవడానికి పక్కన పెట్టేసింది.

పండుగనాటి సంగతి కూడా రెండు ముక్కలు. మన వేదిక మీద ప్రతి ఏడూ సత్యభామలు, కృష్ణులు, నరకాసురులు దిగుతారు. ఆ వేషాల బట్టల్లో తళుకు నెట్ గుడ్డ ఎక్కువ. అల్లిక పలచగా ఉండి రెండు వైపులా గాలి ఆడుతుంది కనుక అది మామూలు గుడ్డకన్నా వేగంగా అంటుకుంటుంది. లోపల నూలు లంగా ఉంటే కాస్త నయం. వేషం వేసుకున్న పిల్లలని ప్రమిదల వరస పక్క నుంచి నడిపించకుండా, హారతి పళ్ళెం పెద్దవాళ్ళే పట్టుకుంటే ఇంకా నయం. ఇంట్లో బాల్కనీ కర్టెను మడిచి పైకి కట్టాకే దీపాలు పెట్టండి. మతాబులు కాల్చే ఊళ్ళకి సెలవుల్లో వెళ్ళేవారు బిగుతుగా ఉండే నూలుబట్టలు వేసుకోండి. ఓణీ, చున్నీ కొంగు దోపుకోండి.

ఇక మన వేదిక తెర. పాతది పాలిస్టర్ కలిసినదని ఒక పోగు కాల్చి చూసి తేల్చాం. ఈసారి కార్యవర్గం వారు నూరు శాతం నూలు తెర కొన్నారు. దానికి పైన చెప్పిన పందిరి ద్రావణమే పట్టించాలని అనుకున్నాం. అందులోని బోరిక్ ఆమ్లాన్ని 2010 నుంచి ఐరోపా వారు సంతానానికి హాని చేసే పదార్థాల జాబితాలో పెట్టారు కనుక గర్భిణులు దగ్గరికి రాకూడదు, ముంచేవాళ్ళు రబ్బరు చేతితొడుగులు వేసుకోవాలి. మూల నుంచి చిన్న ముక్క కత్తిరించి, ముంచి ఆరేసి, ఆరుబయట అగ్గిపుల్ల పెట్టి చూశాం: నల్లబడింది, అంటుకోలేదు. ఉతికిన ప్రతిసారీ మళ్ళీ ముంచాలి. ఇరవై అడుగుల తెర ఏ టబ్బులో పడుతుంది, దాన్ని ఎవరి టెర్రస్ మీద ఆరేయాలి అన్న విషయం మీద సాంస్కృతిక కార్యదర్శికీ, కోశాధికారికీ మధ్య చర్చ ఇంకా నడుస్తోంది.